పెట్టీ కేసులో ఒప్పుకున్నాక అప్పీలు ఉంటుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో మాది చిన్న టిఫిన్ సెంటర్. రాత్రి టైమ్ దాటాక షట్టర్ తెరిచి ఉందని సిటీ పోలీస్ యాక్ట్ కింద పెట్టీ కేసు రాశారు. నిజానికి అప్పుడు బేరం లేదు, లోపల గిన్నెలు కడుగుతున్నాం. కోర్టులో ‘ఒప్పుకో, ఫైన్‌తో పోతుంది’ అని పక్కవాళ్లు అంటే సరే అన్నాను. వెయ్యి రూపాయలు కట్టి 20 రోజులైంది. దుబాయ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలి, పాస్‌పోర్టుకి అడ్డమవుతుందేమోనని భయం. అప్పీలు చేయొచ్చా?

జవాబు: ఫైన్ కట్టినంత మాత్రాన హక్కు పోదు. చిక్కంతా మీరు ‘సరే’ అనడంతోనే వచ్చింది. ఒప్పుకున్న మీద మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం చెల్లదనో మాత్రమే సెషన్స్ కోర్టుకు వెళ్లొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 416వ సెక్షన్ చెబుతోంది. గిన్నెల సంగతి ఆ అప్పీల్లో వినరు.

అందుకే ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ చేతికొచ్చాక, మీ మీద పెట్టిన సెక్షన్‌లో గరిష్ఠ జరిమానా ఎంతో చట్టం తెరిచి చూడాలి. సిటీ పోలీస్ యాక్ట్ నిజాం కాలపు ఫస్లీ లెక్కలో 1348 నాటిది, నోటి లెక్కలు నమ్మకండి. వెయ్యి ఆ హద్దు దాటితే మీ అప్పీలుకు బలం ఉన్నట్టే. ఇంకొకటి, ఒప్పుకోలును వీలైనంతవరకు నిందితుడి మాటల్లోనే రాయాలని బీఎన్‌ఎస్‌ఎస్‌లోనే 275వ సెక్షన్ ఉంది. పెట్టీ కేసుల రోజు కోర్టు హాలు ఎలా ఉంటుందో మీరు చూశారు కదా! కాపీలో అచ్చు ఫారం మీద ఒక్క టిక్కు తప్ప ఏమీ లేకపోతే, ఆ ఒప్పుకోలునే ప్రశ్నిస్తూ రివిజన్ (కింది కోర్టు తీర్పు సక్రమమో కాదో చూడమని పై కోర్టును కోరే పిటిషన్) వేసే ఆలోచన చేయొచ్చు.

అప్పీలుకు గడువు 30 రోజులు, రివిజన్‌కు 90. కాపీ కోసం పట్టిన రోజులు లెక్కలోకి రావు. ఆలస్యానికి మాఫీ అడగొచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక పాస్‌పోర్టు. గత అయిదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి కనీసం రెండేళ్ల జైలు పడితే ఆ కారణంతో నిరాకరించవచ్చని 1967 నాటి చట్టం అంటుంది. మీది ఉత్త జరిమానా, ఆ క్లాజు కిందికి రాదు. ఫారంలో అడిగినచోట మాత్రం ఉన్నదున్నట్టు రాయండి, దాస్తే అదే కొత్త కేసవుతుంది. కేవలం పాస్‌పోర్టు భయంతోనే అయితే నేను అప్పీలు వేయమనను, వకీలు ఫీజే వెయ్యి దాటుతుంది. కాపీలో జరిమానా హద్దు మీరినట్టు తేలితే మాత్రం మిగిలిన పది రోజుల్లోనే వేయండి.