కీటోలో మూడో వారం: అమ్మాయిని వెనక్కి పిలవాలా?

ప్రశ్న: మాది నరసరావుపేట. మా అమ్మాయి హైదరాబాద్‌లో స్పానిష్‌తో డిగ్రీ చేసింది. ఈక్వెడార్ రాజధాని కీటోలో 12 వారాల భాషా కోర్సుకు వెళ్లి మూడు వారాలైంది. అక్కడ ఒక కుటుంబంతో ఉంటోంది. మూడేళ్లు చదివినా వాళ్ల మాట అర్థం కావట్లేదని, తలనొప్పి తగ్గట్లేదని, రాత్రిపూట సరిగ్గా అన్నం పెట్టట్లేదని ఫోన్‌లో ఏడుస్తోంది. బంధువులైతే కీటో అంటే డైటింగా అని అడుగుతున్నారు. అసలైన స్పానిష్ స్పెయిన్‌లోనే ఉంటుందట. వెనక్కి పిలిపించి మాడ్రిడ్ పంపమంటారా? రెండూ పోల్చి చెప్పగలరు.

జవాబు: పోల్చి చెబుతాను. ముందు ఒక చిన్న లెక్క. అమ్మాయికి మీరు రోజూ ఎన్నింటికి ఫోన్ చేస్తున్నారు? ఉత్తరంలో రాయలేదు గానీ, నాకు తెలిసిన తండ్రులందరూ పొద్దున ఏడింటికి, కాఫీ తాగుతూ చేస్తారు. అప్పుడు కీటోలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆ ఇంటివాళ్లు పనులన్నీ ముగించుకుని బల్ల చుట్టూ చేరి కబుర్లు చెప్పుకునే వేళ. సరిగ్గా అప్పుడే మీ అమ్మాయి లేచి, గదిలోకి వెళ్లి తలుపేసుకుని గంటసేపు తెలుగులో ఏడుస్తోంది. ఇంట్లో ఉంచి చదివించడానికి మీరు డబ్బు కట్టింది ఆ బల్ల కోసమే కదండీ. క్లాసులో టీచరు తనకోసం నిదానంగా మాట్లాడుతుంది. బల్ల దగ్గర ఎవరూ నిదానించరు.

ఈ ప్రశ్న ఊరి పేరు మార్చుకుని ఏటా నా దగ్గరికి వస్తుంది. బొగొటా, బ్యూనస్ ఐరిస్, కుస్కో. మొదటి వారం ఫొటోలు, రెండో వారం తలనొప్పి, మూడో వారం ఏడుపు. మీ అమ్మాయి టైముకే నడుస్తోంది.

తలనొప్పి సంగతి తేలిక. కీటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, మన లంబసింగికి దాదాపు మూడింతలు. తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదట్లో చాలామందికి ఉంటాయి. దానికి తోడు రోజంతా పరాయి భాషను చెవిలో వేసుకుని మనసులోనే తెలుగు చేసుకుంటే తల నొప్పి పుట్టక ఏం చేస్తుంది? నీళ్లు బాగా తాగమనండి. మూడు వారాలైనా తగ్గలేదంటున్నారు కాబట్టి ఒకసారి డాక్టరుకి చూపించుకోమనండి.

తిండి సంగతి కూడా ఆ అమ్మాయి మీకు సగమే చెప్పింది. అక్కడ పెద్ద భోజనం మధ్యాహ్నం: సూపు, అన్నం, పప్పుధాన్యాల కూర, మాంసం. రాత్రికి రొట్టె, కాస్త కాఫీ, మిగిలిందేదైనా. వాళ్లూ అదే తింటారు, మీ పిల్లకి తక్కువ పెట్టడం లేదు. అన్నం రోజూ ఉంటుంది, బల్ల మీద ‘అహీ’ అనే మిరపకాయ పచ్చడి కూడా ఉంటుంది. తను స్వయంగా వండుకుందామని గిన్నెలో పప్పు పెడితే మాత్రం ఉడకదు. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ ఉండాల్సిందే. శాకాహారి అయితే ‘సిన్ కార్నె’ అని ఊరుకుంటే చాలదు. ‘కార్నె’ అంటే చాలామందికి గొడ్డుమాంసమే, కోడి అందులోకి రాదు. కోడీ వద్దు, కోడి ఉడికించిన నీళ్లూ వద్దు అని విడమర్చి చెప్పాలి.

ఇక భాష. కొన్నేళ్ల కిందట నేను పంపిన ఒక కుర్రాడు అక్కడినుంచి ఇలాగే గోలపెట్టాడు. ఆ ఇంటావిడ ‘దామె త్రయేందో పాన్’ అందట. మాటకు మాట చూస్తే ‘రొట్టె తెస్తూ నాకివ్వు’. వ్యాకరణం పుస్తకమంతా తిరగేశాడు, దొరకలేదు. నేనన్నాను, అదేంట్రా, మనం ‘తెచ్చివ్వు’ అనమూ? ‘రాసివ్వు, చేసివ్వు’ అనమూ? ఆ కొండల్లో స్పానిష్ రాకముందునుంచీ ఉన్న కిచ్వా భాష నుంచి ఆ పలుకుబడి వచ్చింది. మాడ్రిడ్‌లో చదివిన పిల్ల దానికి తెల్లమొహం వేస్తుంది, తెలుగు పిల్ల కాస్త ఆగి ఆలోచిస్తే పట్టేస్తుంది. చలేస్తే ‘అచచాయ్’, పసిపిల్లని ‘వావా’, అక్కనో చెల్లినో ‘న్యాన్యా’ అంటారు. ఇవేవీ సిలబస్‌లో ఉండవు. క్లాసులో అందరినీ ‘తు’ అని నువ్వు చేసి మాట్లాడటం నేర్పుతారు. అక్కడేమో చాలా ఇళ్లలో సొంతవాళ్లనే ‘ఉస్తెద్’ అని మీరు చేస్తారు. మూడేళ్ల చదువు వృథా కాలేదు, దాన్ని చెవికి అలవాటు చేస్తోంది, అంతే.

‘అసలైన స్పానిష్’ అన్న మాట దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. గుంటూరు తెలుగే తెలుగనుకుని తెలంగాణ పిల్లల మాటను ఎన్నేళ్లు ఎగతాళి చేశామో గుర్తు లేదా? స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలో పదికి తొమ్మిదిమంది స్పెయిన్ బయటే ఉన్నారు. ఈక్వెడార్‌కు 1874 నుంచీ సొంత భాషా అకాడమీ ఉంది. కొండ ప్రాంతపు ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది కాబట్టే చాలామంది విదేశీయులు కీటో వెళ్లి నేర్చుకుంటారు.

మీరు అడిగిన పోలిక. స్పెయిన్‌లో మాస్టర్స్ చేసే ఉద్దేశం ఉంటే, యూరప్‌లోనే స్థిరపడాలనుకుంటే మాడ్రిడ్ వెళ్లడంలో అర్థముంది. మాట్లాడటం రావడమే కావాలంటే, ఒక్కో విద్యార్థికి ఒక్కో టీచరు ఉండే క్లాసులు తక్కువ ఖర్చులో దొరికే కీటోయే మేలు. ఇప్పుడు మార్చితే రెండు చోట్లా మూడో వారమే అనుభవిస్తుంది. డెలే అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్ష స్థాయిల గురించి అమ్మాయికి నాకంటే బాగా తెలిసుంటుంది, వదిలేస్తున్నా.

నా అసలు దిగులు ఊరి గురించి కాదు. ‘ఫారిన్ లాంగ్వేజ్ నేర్చుకో, లక్షల ప్యాకేజీ పట్టు’ అనే ఫ్లెక్సీలు అమీర్‌పేటలో చూసి చేర్చే తల్లిదండ్రుల గురించి. మీరూ అలాగే చేర్చారేమో నాకు తెలియదు. మామూలు ఉత్తరాలు, మెయిళ్లు ఇప్పుడు కంప్యూటరే క్షణంలో అనువదిస్తోంది. ఒట్టి స్పానిష్‌తో వచ్చే ఉద్యోగాల్లో చాలావరకు రాత్రి షిఫ్టు కస్టమర్ సపోర్ట్. పక్కన ఇంకో పని వచ్చినవాళ్లకే భాష అక్కరకొస్తుంది. హైదరాబాద్ మందుల కంపెనీ కొలంబియాకో, పెరూకో మందు పంపాలంటే లేబులూ లోపలి కాగితమూ స్పానిష్‌లో ఉండాలి. కొలంబియాలో ఇన్విమా, అర్జెంటీనాలో అన్మాట్ లాంటి నియంత్రణ సంస్థలతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపాలి. మోతాదు దగ్గర ఒక్క మాట తప్పితే ఎవరు బాధ్యులు? అందుకని అక్కడ మనిషి కావాలి. తిరిగొచ్చాక ఇలా మందుల అనుమతులు చూసే రెగ్యులేటరీ అఫైర్సో, అకౌంట్సో, సాఫ్ట్‌వేర్ టెస్టింగో, తనకు నచ్చిందేదో ఒకటి పట్టుకోమనండి. ఈలోగా ‘డిగ్రీ అయింది, ప్యాకేజీ ఎంత’ అని అడిగి ప్రాణం తీయకండి.

మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి వదిలేశారు. బంధువులు ఏమనుకుంటారో రాశారు, ఆ ఊరు ఆడపిల్లకి క్షేమమా అని రాయలేదు. 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం నేరముఠాల మీద ఏకంగా యుద్ధస్థితి ప్రకటించింది. ఆ హింస ఎక్కువగా తీరంలో, గుయాకిల్ వైపు ఉంది. కీటోలో పెద్ద బెడద దొంగలు. రోడ్డు మీద ఫోన్ బయటకి తీయొద్దు. చీకటి పడ్డాక పాతబస్తీలో గానీ, లా మరిస్కాల్ వీధుల్లో గానీ ఒంటరిగా నడవొద్దు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడవునా సాయంత్రం ఆరు దాటగానే చీకటి పడుతుంది. పగలైతే 2023 డిసెంబరులో మొదలైన మెట్రో ఉంది, టికెట్ 45 సెంట్లు. రాత్రి యాప్‌లో టాక్సీ పిలుచుకోవాలి, ఇంటావిడకు చెప్పి వెళ్లాలి.

ఇకనుంచి సాయంత్రం ఆరున్నరకి ఫోన్ చేయండి. అక్కడ పొద్దున ఎనిమిది. క్లాసుకి బయల్దేరే హడావుడిలో ఉంటుంది, ఐదు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తుంది. అప్పుడే ఎల్లో ఫీవర్ టీకా కార్డు భద్రంగా ఉందో లేదో కూడా అడగండి. ఈక్వెడార్ నుంచి వచ్చేవాళ్లను ఆ కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులో ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు.