కుక్కపిల్లను తెచ్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

చిరంజీవి రమణకు పెద్దనాయన ఆశీస్సులు.

పిల్లలు లాబ్రడార్ కుక్క కావాలని పట్టుబట్టినారని, పన్నెండు వేలకు ఒక కుక్కపిల్లను చూసినావని రాసినావు. ఆ పన్నెండు వేలు పెద్ద ఖర్చు కాదు నాయనా. లాబ్రడార్ పది, పన్నెండేళ్లు బతుకుతుంది. నువ్వు చూసుకోవాల్సింది నెల లెక్క, దాని పక్కనే జబ్బు చేసిన వారం లెక్క. కింద రాసిన ధరలు సుమారువి. కడప అంగళ్లలో అడిగి నీ అంకెలు వేసుకో.

మొదట తిండి సంగతి. పెరిగిన లాబ్రడార్ 30 కిలోలు తూగుతుంది. దానికి రోజుకు పావు కిలో బియ్యం, ఎముకలు తీసిన చికెన్ 300 గ్రాములు, ఒక గుడ్డు కావాలి. బియ్యానికి 13, చికెన్‌కు 75, గుడ్డుకు 7 రూపాయలు వేసుకుంటే రోజుకు 95, నెలకు 2,850. ప్యాకెట్ తిండి అయితే రోజుకు 350 నుంచి 400 గ్రాములు పడుతుంది. కిలో 300 రూపాయల రకం కొన్నా నెలకు మూడు వేలు దాటుతుంది. 15 కిలోల నాటుకుక్కకైతే ఇందులో సగానికి కొంచెం పైన సరిపోతుంది.

ఇంట్లో మిగిలిన కూరాన్నం పెడితే ఖర్చేముందిలే అని చాలామంది అంటారు. ఆ మాట నమ్మొద్దు. మన కూరల్లో ఉల్లిగడ్డ, తెల్లగడ్డ లేనిది ఏది? ఆ రెండూ కుక్క రక్తకణాలను పగలగొడతాయి. ఒక్క రోజులో తెలీదు, మెల్లగా నీరసపడుతుంది. ద్రాక్షపండు, చాక్లెట్ కూడా దానికి విషమే. ఉడికిన కోడి ఎముక నిలువునా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. అన్నంలో కొంత తగ్గించి రాగిసంగటి పెట్టొచ్చు, ఉప్పూ కారం లేకుండా. కానీ మాంసం మానేసి సంగటితోనే నెట్టుకురావద్దు. కుక్కపిల్లను పాలూ అన్నంతోనే పెంచితే ముందుకాళ్లు విల్లు మాదిరి వంగుతాయి. క్యాల్షియం చాలకనే అట్లా అవుతుంది. అట్లాగని నీకు నువ్వే క్యాల్షియం సీసాలు కొని తాపించొద్దు. లాబ్రడార్ వంటి పెద్ద జాతి పిల్లకు అది ఎక్కువైనా ఎముకలు చెడతాయి. ఎంత పొయ్యాలో డాక్టరు దాని బరువు చూసి చెప్పాల.

టీకాలు ఇట్లా ఉంటాయి. 6 నుంచి 8 వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ అనే రెండు ప్రాణం తీసే వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా మొదటిది. అక్కణ్ణుంచి మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున, 16 వారాలు నిండేదాకా వేయించాలి. మూడు నెలలు నిండినాక రేబిస్ టీకా, దాని బూస్టరు, తర్వాత ఏడాదికోసారి. నట్టల మందు మూడు నెలల వయసు దాకా పదిహేను రోజులకోసారి, ఆరో నెల దాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి. మొదటి ఏడాది వీటన్నిటికీ నాలుగు వేలు పక్కన పెట్టుకో. ప్రభుత్వ పశువైద్యశాలలో చాలా తక్కువలో అయిపోతుంది. జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల దినం) నాడు అక్కడ రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పార్వో టీకా మాత్రం ఆ తేదీ కోసం, ఈ తేదీ కోసం ఆపొద్దు.

ఎందుకంటే పార్వో వస్తే అదే నేను చెప్పిన జబ్బు వారం. వాంతులు, తర్వాత నీచు కంపు కొట్టే రక్త విరేచనాలు. అయిదు నుంచి ఏడు రోజులు పొద్దున, సాయంత్రం సెలైన్ ఎక్కించాలి. ప్రైవేటులో రోజుకు వెయ్యి, పదిహేను వందలు అవుతుంది. అంత పెట్టినా బతుకుతుందని ఎవరూ హామీ ఇయ్యరు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికుంటుంది. మీ బాడుగింట్లో ముందున్నోళ్ల కుక్కపిల్ల రక్త విరేచనాలతో పోయిందేమో ఇంటాయనను అడుగు. అవునంటే, టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంటికి తేవొద్దు. ఫినాయిల్‌కు ఆ వైరస్ చావదు, బ్లీచింగ్ నీళ్లకే చస్తుంది.

రెండో జబ్బు వారం పిడుదుల జ్వరం. మన ఎండల్లో పిడుదులు సంవత్సరం పొడుగునా ఉంటాయి. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద వేలితో తడిమి చూడాల. ఒంటి మీద కనపడేవి కొన్నే, మిగిలినవి గోడ పగుళ్లలో, ద్వారబంధాల సందుల్లో, బండల అతుకుల్లో దాక్కుంటాయి. ఒక్క ఆడ పిడుదు గుడ్లు వేలల్లో పెడుతుంది. అందుకే కుక్కకు ఒక్కదానికే మందు పూసి ఇల్లు వదిలేస్తే పది రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. పిడుదును చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకొని నిటారుగా లాగు. గోటితో నలపొద్దు, సబ్బునీళ్లలో వెయ్యి. గొడ్లకు కొట్టే మందును కొలత లేకుండా పూస్తే కుక్క దాన్ని నాకి వణికి పడిపోతుంది. నెలనెలా మెడ వెనక వేసే చుక్కలకో, మాత్రకో నెలకు నాలుగైదు వందలు వేసుకో. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కులోంచి రక్తం పడితే ఆ పొద్దే రక్తపరీక్ష చేయించు. మందు దాదాపు నాలుగు వారాలు వాడాలి. పదో రోజుకే తోక ఊపుతోందని ఆపేస్తే జ్వరం తిరగబెడుతుంది. పెద్ద పరీక్షలో, ఆపరేషనో అవసరమైతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, ఆ రానూపోనూ ఖర్చు కూడా రాసుకో.

ఎండ గురించి ప్రత్యేకంగా చెప్తున్నా. కడపలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. నువ్వుండేది మిద్దె మీది గది. మొహం చప్పిడిగా ఉండే పగ్, బొచ్చు దట్టంగా ఉండే హస్కీ అసలు తలవొద్దు. వాటికి పగలంతా ఏసీ ఉండాల, అప్పుడు నెలకు రెండు వేలకు పైన కరెంటు బిల్లే వస్తుంది. లాబ్రడార్ కూడా మధ్యాహ్నం చల్లటి చోటు లేకుండా ఉండలేదు. మిద్దె మీద పరిచిన నల్ల బండకు నీ చేతి వెనకవైపు ఆనించి ఏడు లెక్కపెట్టు. నువ్వు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. తిప్పడం పొద్దున ఆరుకు ముందు, రాత్రి ఎనిమిది తర్వాతే. వగరుస్తూ, నోరంతా చొంగ కారుస్తూ తూలితే కడుపుకూ తొడల సందుకూ మామూలు నీళ్లు పోసి ఫ్యాన్ కింద పెట్టు, ఐసు వద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకపో.

ఆడ కుక్కపిల్లను తెస్తే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఖర్చు ముందే పక్కన పెట్టు, ప్రైవేటులో ఆరేడు వేలు. చేయించకపోతే ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, రక్తం మరకలు, గేటు దగ్గర వీధికుక్కల గుంపు. ఎద అయిపోయిన నెలా రెండు నెలలకు నీళ్లు విపరీతంగా తాగుతూ తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టిందేమో అనుమానించాలి. అప్పుడు చేసే ఆపరేషన్‌కు ఖర్చూ, ప్రమాదమూ రెండూ ఎక్కువే.

తిండి, టీకాలు, పిడుదుల మందు కూడితేనే లాబ్రడార్‌కు మొదటి ఏడాది నలభై మూడు వేలకు తగ్గదు, జబ్బు వారం రాకుండానే. నాటుకుక్కకు ఇరవై ఎనిమిది వేలలో జరిగిపోతుంది. పైగా మన ఎండకు పుట్టిన జీవం అది. నన్నడిగితే నాటుదే తెచ్చుకో. డబ్బుతో తీరనిది మాత్రం ఏ కుక్కకైనా ఒకటే. రోజూ రెండు పూటలా అరగంట తిప్పేవాళ్లు ఎవరు? మీరిద్దరూ పనికిపోతే తొమ్మిది గంటలు గదిలో ఒంటరిగా ఉన్న పిల్ల తలుపులు గీరుతుంది, అరుస్తుంది. అప్పుడు ఇంటాయన ఖాళీ చేయమంటాడు. అందుకే మొదటి అడుగు ఆయనతో మాట్లాడడం. ఊరికి పోయినప్పుడు చూసుకునేదెవరో కూడా ఇప్పుడే తేల్చుకో. డబ్బు పుచ్చుకొని ఉంచుకునేవాళ్లు రోజుకు నాలుగైదు వందలు అడుగుతారు.

ఇంతా ఆలోచించి సరేననుకుంటే, ఎనిమిది వారాలు నిండని పిల్లను తేవొద్దు. తల్లిని చూపించమను. పిల్ల చిగుళ్లు గులాబి రంగులో ఉండాలి, కళ్లలో పుసి ఉండకూడదు, తోక కింద తడి ఉండకూడదు. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం కుండ మాదిరి ఉబ్బితే నట్టలున్నట్టు. టీకా వేసినామంటే నోటిమాట చాలదు, కార్డు అడుగు. సీసా మీదినుంచి తీసి అంటించిన చిన్న స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం ఉంటేనే లెక్క. అవి లేకపోతే మొదటి టీకా నుంచి మళ్లీ వేయించాల్సిందే.

ఇట్లు,
మీ పెద్దనాయన