బెంగళూరా, చెన్నైయా: రెండుచోట్లా కాపురం చేసినదానిగా నా మాట

మీది ఒంగోలు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఉద్యోగం, చెన్నై సిరుసేరిలో ఒక ఉద్యోగం వచ్చాయి. బెంగళూరులో ఏడాదికి నాలుగు లక్షలు ఎక్కువ ఇస్తామన్నారు. మీ భార్య బడిలో టీచరు, పాప వచ్చే ఏడు ఒకటో తరగతికి వస్తుంది, అమ్మానాన్నలు ఒంగోలు వదిలి రారు. ఈ వివరాలన్నీ రాసి, ఏ ఊరు మంచిదని అడిగారు. మీ స్థానంలో ఉంటే నేను చెన్నైకే వెళ్తాను. మాది కావలి. 2014 నుంచి నాలుగేళ్లు బెంగళూరు మారతహళ్లిలో ఉన్నాం, 2018 నుంచి చెన్నైలో ఉంటున్నాం. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్థులమే. కాబట్టి విన్నవి కాకుండా పడినవే చెబుతాను.

ఊరు మారేటప్పుడు నేను ఇప్పుడు రెండు దారులు చూస్తాను. ఒకటి రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్లే దారి. రెండోది అర్ధరాత్రి ఫోను వస్తే అమ్మానాన్నల దగ్గరికి వెళ్లే దారి. 2014లో మేము ఈ రెండూ చూడలేదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంటుంది, చల్లగా ఉంటుంది, జీతం బాగుంది, స్నేహితులు ఉన్నారు. ఇవి చూసుకుని సామాను కట్టాం.

రెండో దారి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మమ్మల్ని ఊరు మార్చింది అదే. 2018 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను చేసింది. నాన్న స్నానాలగదిలో జారి పడ్డారు, తుంటి ఎముక విరిగింది, నెల్లూరు తీసుకెళ్తున్నారు. శుక్రవారం కావడంతో ఏ బస్సులోనూ సీటు లేదు. మారతహళ్లి నుంచి టిన్ ఫ్యాక్టరీ బస్టాపు చేరడానికే గంట దాటింది. అక్కడ తిరుపతి బస్సు ఒకటి ఆపితే ఎక్కాను. కోలారు దాకా నిలబడ్డాను, పలమనేరు దాకా డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద కూర్చున్నాను. తిరుపతిలో దిగి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నెల్లూరు బస్సు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి ఉదయం ఎనిమిదిన్నర. ఆపరేషన్ కాగితం మీద అప్పటికే మా పక్కింటాయన సంతకం పెట్టి ఉన్నారు. ఆయన చేసిన మేలు మరువలేనిది. కానీ ఆ కాగితం మీద కూతురి సంతకం ఉండవలసిన చోట ఇంకొకరి పేరు చూసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. ఆ ఆగస్టులోనే చెన్నైకి మారాం. మూడేళ్ల తర్వాత నాన్నకు మళ్లీ ఒంట్లో బాగాలేనప్పుడు రాత్రి పదింటికి కారులో బయలుదేరి రెండింటికల్లా నెల్లూరులో ఆయన పక్కన ఉన్నాను. చెన్నై నుంచి నెల్లూరు నూట డెబ్భై అయిదు కిలోమీటర్ల చిల్లర. మీ ఒంగోలు ఇంకో మూడు జిల్లాల దూరంలో లేదు, అదే జాతీయ రహదారి మీద మరో రెండు గంటలు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం చెన్నై సెంట్రల్‌లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చీకటిపడే వేళకు ఇంట్లో ఉంటారు. బెంగళూరు నుంచి మన వైపు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, నిజమే. పండగ రోజుల్లో అందులో బెర్తు దొరకడం ఎంత కష్టమో మా కావలివాళ్లందరికీ తెలుసు.

ఇక రోజువారీ దారి. బెంగళూరులో నా ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో ఉండేది. సిల్క్ బోర్డు కూడలి దాటి వెళ్లడానికి గంటన్నర, రావడానికి ఒక్కోరోజు రెండు గంటలు. మా బాబు అప్పుడు రెండేళ్లవాడు. వాడు మెలకువగా ఉండగా నేను వాణ్ణి చూసేది శని, ఆదివారాల్లోనే. మీకు నా అంత కష్టం ఉండకపోవచ్చు. 2023 అక్టోబరు నుంచి మెట్రో ఊదారంగు మార్గం చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ వరకు పూర్తిగా నడుస్తోంది. మీ ఆఫీసు హూడి, పట్టందూరు అగ్రహార, కాడుగోడి స్టేషన్లకు నడిచే దూరంలో ఉండి, ఇల్లు కూడా ఆ మార్గం మీదే తీసుకోగలిగితే బెంగళూరు మీద నా అభ్యంతరం సగం తగ్గుతుంది. సిరుసేరి వైపు ఆ సౌకర్యం ఇంకా లేదు. మాధవరం నుంచి సిరుసేరిలోని సిప్కాట్ పారిశ్రామికవాడ దాకా మెట్రో పనులు నడుస్తుండగా పాత మహాబలిపురం రోడ్డు మీద ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డాం. అందుకని సిరుసేరిలో చేరితే ఇల్లు నావలూరు, కేళంబాక్కం ప్రాంతాల్లోనే చూసుకోండి. వేళచ్చేరిలో ఉండి రోజూ వెళ్లివస్తానంటే మాత్రం నేను వద్దంటాను.

అయితే ఒక చిక్కు ఉంది. ఆంధ్ర వైపు బస్సులు బయలుదేరే మాధవరం బస్టాండు చెన్నైకి ఉత్తరాన ఉంది. సిరుసేరి దక్షిణ కొస. ఊరికి రావాలంటే ముందు నగరమంతా దాటాలి. ఆ గంటన్నరను కూడా లెక్కలో వేసుకోండి.

నాలుగు లక్షల మాటకు వద్దాం. మీరు ముప్పై శాతం పన్ను పరిధిలో ఉంటే, సెస్సు కూడా పోగా ఆ నాలుగు లక్షల్లో చేతికి వచ్చేది నెలకు సుమారు ఇరవై మూడు వేలు. అది చిన్న మొత్తమని నేననను. కానీ దాని పక్కనే మీ ఇంటి రెండో జీతం రాసి చూడండి. ఊరు మారాక మీ భార్యకు బడిలో ఉద్యోగం దొరకడానికి ఒక విద్యాసంవత్సరం పడితే ఆ తేడా అక్కడే కరిగిపోతుంది. దారిలో రోజుకు రెండు గంటలు అదనంగా పోతే, ఇరవై రెండు పనిదినాలకు నలభై నాలుగు గంటలు, అంటే నెలకు ఒక పనివారం. దానికి జీతం ఎవరూ ఇవ్వరు.

ఇంటి అడ్వాన్సు సంగతీ ఉంది. మేము బెంగళూరులో పది నెలల అద్దె కట్టి దిగాం. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో యజమాని ఒక నెల అద్దె పట్టుకున్నారు. ఒప్పందంలో ఆ మాట ఉంది, మేమే చదవకుండా సంతకం పెట్టాం. తమిళనాడులో 2017లో చేసిన అద్దె చట్టం అడ్వాన్సుకు మూడు నెలల అద్దెను ప్రమాణంగా పెట్టింది. వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప అంతకు మించకూడదు. యజమానితో మాట్లాడేటప్పుడు మర్యాదగా ఆ మాట ఎత్తండి. మాకు అలా అడిగితేనే అయిదు నెలలది మూడు నెలలకు తగ్గింది.

నీళ్ల విషయంలో రెండు ఊళ్లూ ఏడిపించేవే. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున ఆరు నుంచి ఆరున్నర దాకా మాత్రమే కొళాయి వచ్చేది. ఆ అరగంటలో నేను రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలు పదకొండు నింపి, వంటకు రెండు, తాగడానికి ఒకటి అని మూతల మీద సుద్దముక్కతో రాసిపెట్టేదాన్ని. మన కండలేరు జలాశయం నుంచి కృష్ణా నీళ్లు పూండికి వదిలారని వార్త వస్తే పండగలా ఉండేది. బెంగళూరులోనూ 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు, వైట్‌ఫీల్డ్ వైపు మరీనూ. ఇల్లు చూసేటప్పుడు అక్కడ కావేరి నీళ్లు వస్తాయా, బోరు మీదే ఆధారమా అని అడగండి. చెన్నైలో ఇంకో ప్రశ్న కూడా అడగాలి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులోనూ ఆ వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయని బ్రోకరును కాకుండా వీధి చివర కిరాణా కొట్టాయనను అడగండి. ఆయన చెయ్యి పెట్టి చూపిస్తాడు. పళ్లికరణై చిత్తడి నేల చుట్టుపక్కల నేల అంతస్తు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

పాప చదువు గురించి మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం తమిళం, కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం కన్నడం నేర్వాలి. మీ పాప ఒకటో తరగతికి వెళ్తోంది కనుక మిగతా పిల్లలతో పాటే మొదలుపెడుతుంది. అయిదో తరగతిలో మారితేనే ఇబ్బంది. ఈ విషయంలో బెంగళూరు సులువని ఒప్పుకోవాలి. కన్నడ లిపి మన లిపికి చాలా దగ్గర, నేను వారంలో బస్సు బోర్డులు చదివాను. తమిళానికి మూడు నెలలు పట్టింది. అది నేర్పింది మా ఇంటి యజమానురాలు. తరతరాలుగా చెన్నైలోనే ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. నేను ఆమెకు తెలుగు అక్షరాలు దిద్దించాను, ఆమె నాకు తమిళ అక్షరాలు దిద్దించారు. ఒకే పలక మీద, అటొక వైపు ఇటొక వైపు. ఇప్పుడు మా బాబు రెండూ చదువుతాడు.

మీ ప్రశ్నలో మీ భార్య ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క కూడా లేదు. ఉద్యోగం వదులుకుని వచ్చేది ఆమె, కొత్త ఊళ్లో పాపను బడికి పంపేదీ ఎక్కువగా ఆమే. రెండు కంపెనీలనూ వారం రోజులు గడువు అడగండి. పాపను నానమ్మ దగ్గర ఉంచి ఇద్దరూ కలిసి రెండు ఊళ్లకూ వెళ్లండి, శని, ఆదివారాల్లో మాత్రం కాదు. ఒక మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు మీరు అద్దెకు తీసుకోదలచిన వీధి నుంచి ఆఫీసు గేటు దాకా వెళ్లండి. సాయంత్రం ఆరింటికి తిరిగి రండి. ఆ మధ్యలో ఆమె దగ్గర్లోని రెండు, మూడు బడులకు వెళ్లి ఖాళీల గురించి మాట్లాడి రావచ్చు. ఆ రాత్రే, ముందుగా టికెట్టు తీసుకోకుండా, అక్కడి నుంచి ఒంగోలు బయలుదేరి మీ అమ్మగారి గుమ్మంలో ఎన్ని గంటలకు అడుగుపెట్టారో రాసుకోండి.