నల్లబట్టల మోజు పడ్డ మేనకోడలికి

మేఘనా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ చూశాను. మెడకు పట్టీలా కట్టుకునే నల్ల చోకర్లు, పిన్నీసులు గుచ్చిన జాకెట్లు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సులు, మోచేతుల దాకా వల గ్లవ్జులు. సెప్టెంబర్లో ఇంగ్లండ్‌కి, ఈ లీడ్స్‌కి వచ్చేలోపు వీటిలో ఏవి కొనుక్కోవాలో చెప్పమన్నావు. ఏవీ కొనుక్కోవద్దు. మీ నాన్న డబ్బులు మిగల్చడానికి అంటున్న మాట కాదిది (అదీ కొంత ఉందనుకో). గోత్ అయినా గ్రంజ్ అయినా, రాక్ సంగీతం వెంట పుట్టినవి, చేతిలో పైసా లేని కుర్రకారు దొరికినవాటిని కత్తిరించి, కుట్టి, గుచ్చి తయారుచేసుకున్న వేషాలు. ఒకే కవర్లో పదిహేను వస్తువులు వేసి అమ్మే సెట్టు కొని తొడుక్కుంటే ఆ సంగతి వీధి అవతలి నుంచే తెలిసిపోతుంది. ఒక్కో వస్తువూ నీ చేత్తో చేసుకో, ఊడిపోకుండా చేసుకో. ఈ ఊళ్ళో బట్టలు సరిచేసే పనిలో ఉన్నదాన్ని కదా, నా బల్ల దగ్గరికి వచ్చే నల్లబట్టల పిల్లలు ఎక్కువమంది ఊడిపోయినవి పట్టుకునే వస్తారు.

ముందు రెండింటినీ కలగాపులగం చెయ్యకు. గ్రంజ్ అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల పుట్టింది. ముసురు, చలి ఉండే ప్రాంతం. అడవుల్లో చెట్లు కొట్టేవాళ్ళు వేసుకునే గళ్ళ ఫ్లానెల్ చొక్కాలు అక్కడ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికేవి. బ్యాండ్ల కుర్రాళ్ళు వాటితోనే స్టేజీ ఎక్కారు. 1991లో నిర్వాణా అనే బ్యాండు పేరు లోకమంతా మోగేసరికి ఆ చొక్కాలు కాస్తా ఫ్యాషనైపోయాయి. 1992 నవంబర్లో న్యూయార్క్‌లో మార్క్ జేకబ్స్ అనే డిజైనర్ పెర్రీ ఎల్లిస్ కంపెనీ తరఫున అవే గళ్ళను పట్టుబట్టలోకి ఎక్కించి ర్యాంప్ మీద నడిపించాడు. కంపెనీవాళ్ళు అతని ఉద్యోగం తీసేశారు. చలికి వేసుకున్న చొక్కాను పట్టులో చూస్తే నాకూ నవ్వే వస్తుంది.

గోత్ మాత్రం ఈ ఇంగ్లండ్‌దే. పంక్ అనే రాక్ సంగీతపు వేడి కొంచెం తగ్గాక, 1970ల చివర మొదలైంది. నార్తాంప్టన్ నుంచి బౌహాస్, లండన్ నుంచి సూజీ అండ్ ది బాన్షీస్ అనే బ్యాండ్లు. 1982లో లండన్ సోహోలో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరిచారు. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బ్యాండు 1980లో ఈ లీడ్స్‌లోనే పుట్టింది. ఇక్కడి మెరియన్ సెంటర్ అనే షాపింగ్ కాంప్లెక్స్‌లో ‘ఫోనో’ అని అందరూ పిలుచుకున్న క్లబ్బులో ఆ నల్లబట్టల పిల్లలు పొద్దుపోయేదాకా గంతులేసేవాళ్ళు. అంచేత నువ్వు అద్దెకు దిగబోయే ఊరు ఈ విషయంలో ఆషామాషీ ఊరు కాదు, ఇక్కడివాళ్ళ కళ్ళకు కుట్టు కనిపిస్తుంది.

తేడా ఒక్క ముక్కలో చెప్తాను. గ్రంజ్‌లో దారం వేలాడితే అందం. గోత్‌లో దారం వేలాడితే కుట్టు రానట్టు.

చోకర్‌తో మొదలుపెట్టు. చెడిపోయినా పోయేది మూరెడు రిబ్బను. మెడ చుట్టూ టేపు పెట్టి, కింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచి కొలుచుకో. తల వంచి, గుటక వేసి మళ్ళీ చూసుకో, అప్పుడే అసలు కొలత తెలుస్తుంది. వెల్వెట్ రిబ్బను అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం వెడల్పు చాలు. అంతకన్నా వెడల్పైతే తల దించినప్పుడల్లా ముడతలు పడుతుంది. చివర్లకు పోగులు లేస్తాయి కదా, పాలిస్టర్ రిబ్బనైతే కొవ్వొత్తి మంట పక్కగా ఒక్క క్షణం తీసుకెళ్తే అంచు కరిగి గట్టిపడుతుంది. నూలు వెల్వెట్ కరగదు, కాలుతుంది. దాన్ని రెండు మడతలు వేసి కుట్టాలి. వెనక ఒకవైపు కొక్కెం, రెండోవైపు రెండంగుళాల సన్నగొలుసు పెట్టుకుంటే లోపల హైనెక్ స్వెట్టర్ వేసినరోజు కూడా సరిపోతుంది. రాత్రి తీసేసి పడుకో.

ఊడిపోయేది ఎప్పుడూ ముందు వేలాడే లాకెట్టే. ఎందుకంటే అందరూ దాన్ని జిగురు గన్నుతో అంటిస్తారు. వేడి జిగురు వెల్వెట్ మీది నూగునే పట్టుకుంటుంది, కింది బట్టను కాదు. నాలుగుసార్లు వేసుకునేసరికి నూగుతో సహా పెచ్చుగా లేచి వస్తుంది, అక్కడ బోడి మచ్చ మిగులుతుంది. రిబ్బను వెనక సన్నటి నూలుబట్ట ముక్క పెట్టి, రెండింటినీ కలిపి సూదితో ఏడెనిమిదిసార్లు చుట్టి, ముడి వెనక వెయ్యి. కాజాలు కుట్టే దళసరి దారం వాడు. ఈ ఒక్కటీ వస్తే పిన్నీసుల దండైనా, జాకెట్ మీద ప్యాచీలైనా నీకు కష్టం కాదు, కిటుకు అదే. మేకుల్లాంటి స్టడ్లు గుచ్చేటప్పుడూ అంతే, లోపలివైపు కాళ్ళను చెంచా వీపుతో బాగా నొక్కి మడిచి, మీద అస్తరు ముక్క కుట్టు. లేకపోతే జాకెట్ విప్పేసరికి చేతులన్నీ గీరుకుపోతాయి.

గొలుసులకు జంప్ రింగులు, అంటే సందు ఉన్న చిన్న తీగ రింగులు, కావాలి. వీటిని తెరిచేటప్పుడు రెండు చివర్లనూ ఎడంగా లాగితే గుండ్రం పోతుంది, మళ్ళీ రాదు. రెండు పట్టకార్లతో పట్టుకుని తలుపు తెరిచినట్టు ఒక చివరను నీవైపు, ఇంకోదాన్ని అవతలికి తిప్పాలి. మూసేటప్పుడు రెండు చివర్లూ ఒకదాన్నొకటి కొంచెం దాటిపోయి, వెనక్కి వచ్చి ‘టిక్’ మని తగలాలి. ఆ చప్పుడు రాకపోతే సందు మిగిలిందన్నమాట, ఆ సందులోంచే గొలుసు జారుతుంది. ఒక్కో రింగులోంచి నాలుగేసి రింగులు పోయే కవచం అల్లిక నీకు నచ్చుతుందని తెలుసు. దానికి తీగ 1.2 మి.మీ. మందం, లోపలి వ్యాసం 6 మి.మీ. ఉన్న రింగులు తీసుకో. మొదట అల్యూమినియం. తేలిక, చేతికి లొంగుతుంది. చవక మిశ్రమ లోహాల జోలికి పోకు, వాటిలో నికెల్ ఉంటే మెడ చుట్టూ దురద, దద్దుర్లు. చెవులకు స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వెండి గానీ.

జీన్సు చించడం అంటే కత్తెరతో గుండ్రంగా కోసేయడం కాదు. ఒక పాత డెనిమ్ ముక్కను కిటికీ దగ్గర పెట్టి చూడు. పడుగు (నిలువు పోగులు) నీలం, పేక (అడ్డ పోగులు) తెలుపు. జీన్సు వేసుకుని, కుర్చీలో కూర్చుని, మోకాలు ఎక్కడ వస్తుందో సుద్దతో గీత పెట్టు. విప్పాక అక్కడ అంగుళం ఎడంలో రెండు అడ్డకోతలు కొయ్యి. మధ్యలో నిలువుగా ఉండే నీలం పోగుల్ని కనుబొమల ప్లక్కర్‌తో ఒక్కోటీ లాగెయ్యి. తెల్ల పేక పోగులు వలలా మిగులుతాయి. ఫొటోలో చూసి నువ్వు ముచ్చటపడింది అదే. చుట్టూ ఉప్పుకాగితంతో రుద్దితే రంగు పలచబడి పాతదనం వస్తుంది. తర్వాత లోపలివైపు కోతకు పైనా కిందా మిషన్ మీద ఒక వరస కుట్టు వేయించు, లేకపోతే రెండు ఉతుకులకు చిరుగు తొడ దాకా పాకుతుంది. లోపల దళసరి నల్ల టైట్స్ వేసుకో. సియాటిల్ వాళ్ళు కూడా చలికి లోపల థర్మల్స్ వేసుకున్నవాళ్ళే, నీకేం నామోషీ కాదు. ఆ టైట్స్ చిరిగాక పారెయ్యకు, పాదం కోసేసి బొటనవేలికి కన్నం పెడితే అవే గ్లవ్జులు.

ఫ్లానెల్ మీద బ్లీచ్ చల్లి మరకలు తెప్పించే వీడియోలు చూసి ఉంటావు. నూలు చొక్కాకే చెయ్యి. ఉన్ని, పట్టు బ్లీచ్‌లో నాశనమైపోతాయి. కిటికీ తెరిచి, చేతులకు గ్లవ్జులు వేసుకుని చెయ్యి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ బాత్రూం కడిగే యాసిడ్ గానీ ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది. ఇది మాత్రం సరదా మాట కాదు.

ఇక నలుపు. ఇక్కడ వాడిన బట్టలు అమ్మే ఛారిటీ షాపులు వీధికొకటి ఉంటాయి. ఏ రంగు గౌనైనా తెచ్చి నల్లరంగులో ముంచేద్దాం అనుకుంటావు. లేబుల్ చూడు. నూలు, నార, విస్కోస్ మామూలు రంగును పట్టుకుంటాయి, పాలిస్టర్ పట్టుకోదు. గౌను నూలుదైనా కుట్టిన దారం చాలావరకు పాలిస్టరే కాబట్టి కుట్లు పాత రంగులోనే మెరుస్తాయి. నాకు అదే ఇష్టం, నీకు నచ్చకపోతే నల్ల పెన్ను ఉంది. నలుపు చిక్కగా రావాలంటే మిగతా రంగులకు వేసే పొడికి రెట్టింపు వెయ్యాలి. కక్కుర్తి పడితే బూడిదరంగు వస్తుంది.

విజయవాడలో ఉండగానే ఒక పని చెయ్యి, ఒకసారి పెడన వెళ్ళిరా. అక్కడి కలంకారీ వాళ్ళ నలుపు ఏ డబ్బాలోంచీ రాదు. బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు, అది లేత పసుపు తిరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లంనీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావణంలో అచ్చు అద్ది దానిమీద వేస్తే, పడినచోట చూస్తుండగానే నలుపు తేలుతుంది. కరక్కాయలోని వగరుకు ఇనుము తగిలి వచ్చే నలుపు అది. ఒక లేసు ముక్క తీసుకెళ్ళి అడిగితే చూపిస్తారేమో చూడు. ఇంట్లో చేస్తే మేడమీద చెయ్యి, కంపు మామూలుగా ఉండదు. ఇనుము ఏళ్ళ తరబడి పోగును తినేస్తుంది కాబట్టి సన్న లేసుకు ఒక్కసారి అద్దితే చాలు.

ఈ ఖండంలో నల్లనగ అంటే విట్బీ జెట్. ఇక్కడి నుంచి బస్సులో వెళ్ళిరాగలిగిన సముద్రపు ఊరు విట్బీ. 1994 నుంచి అక్కడ గోత్ పండగ జరుగుతోంది. జెట్ చూడటానికి రాయి, నిజానికి సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల మాను. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి సంతాపంగా ఇది పెట్టుకోవడంతో ఆ ఊళ్ళో చెక్కేవాళ్ళకు చేతినిండా పని దొరికింది. పాత బ్రూచీ ఏదైనా ‘జెట్’ అని చూపిస్తే ముందు చేతిలో పెట్టుకో. అసలుది తేలిగ్గా ఉంటుంది, చల్లగా తగలదు. బరువుగా, చల్లగా ఉంటే నల్లగాజు. మెరుపు లేని పింగాణీ పలక మీద గీస్తే జెట్ గోధుమరంగు గీత పెడుతుంది, కాకపోతే అమ్మేవాణ్ణి అడక్కుండా గియ్యకు. నీ పూసల దండ మధ్యలో అసలు జెట్ పూస ఒక్కటి పెట్టుకున్నా చాలు.

దండ అన్నాను కాబట్టి చెప్తున్నాను, మీ అమ్మ నల్లపూసలు తెంపి చోకర్ చేస్తానని హాస్యానికైనా అనకు. వదిన మొహం నాకిక్కడికే కనిపిస్తోంది. బజార్లో విడిగా దొరికే గాజుపూసలు తెచ్చుకో. బంజారా పాత నగల్ని కూడా ముక్కలు చేసి వాడకు, చేసేవాళ్ళ దగ్గర కొత్తవి కొనుక్కో.

మొహానికి తెల్లపౌడర్ పులమకు. ఫొటోల్లో ఆ పిల్లల చర్మం అసలే తెలుపు, దానిమీద ఇంకొంచెం తెలుపు వేస్తారు. మన చామనఛాయ మీద రెండు ఛాయలు తెల్లగా ఉండే ఫౌండేషన్ వేస్తే బూడిద రాసుకున్నట్టే. నీ రంగు నీకుండనీ. చిక్కటి వంకాయరంగు లిప్‌స్టిక్కు, కాటుక ఆ పిల్లలకన్నా నీకే బాగా నప్పుతాయి. కాటుక మాత్రం పేరున్నదే తీసుకో. ఊరూపేరూ లేని సుర్మాల్లో సీసం ఉంటుందని ఇక్కడి అధికారులు హెచ్చరిస్తూనే ఉంటారు.

మీ నాన్నకు చెప్పని మాట ఒకటి నీకు చెప్పాలి. 2007లో లాంకషైర్‌లో బేకప్ అనే చిన్న ఊళ్ళో సోఫీ లాంకాస్టర్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయినీ ఆమె స్నేహితుణ్ణీ, గోత్ బట్టల్లో కనిపించారని కుర్రమూక పార్కులో చావబాదింది. ఆ పిల్ల బతకలేదు. ఆమె తల్లి ఆమె పేరిట సంస్థ పెట్టి పనిచేసింది. 2013 నుంచి గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇలాంటి దాడుల్ని ద్వేషనేరాలుగా నమోదు చేస్తున్నారు. లీడ్స్‌లో నల్లబట్టల్ని ఎవరూ వింతగా చూడరు, నేను రోజూ చూస్తున్నదే. అయినా అర్ధరాత్రి బస్సుకు ఒంటరిగా నిలబడకు, మీద మామూలు కోటు వేసుకో, ఎవడైనా ఏదైనా అంటే తిరిగి అనకుండా నడిచెయ్యి, నాకు ఫోన్ చెయ్యి.

సామాను సంగతి. గాజుపూసలు, నల్ల లేసు, నూలు అస్తరు, కాజా దారం అక్కడే చవక, తెచ్చుకో. వెల్వెట్ రిబ్బను, జంప్ రింగులు, జిప్పులు కర్క్‌గేట్ మార్కెట్లో చూద్దాం. మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద దుకాణాల కంపెనీ మొదలుపెట్టిన మైఖేల్ మార్క్స్ 1884లో పెన్నీకొక వస్తువు అమ్మే బల్ల పెట్టింది ఆ మార్కెట్లోనే, నీకు చూపిస్తాను. బూట్లు తేవద్దు, ఇక్కడ వాడినవి బోలెడు. కత్తెర, పట్టకార్లు, సూదులు పెద్ద సూట్‌కేసులో పెట్టు, చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేసుకోవచ్చు. వచ్చిన మొదటి ఆదివారం నా మిషన్ ఖాళీగా ఉంచుతాను. ఆ జీన్సు కోసి తీసుకురా, కుట్టు మాత్రం నువ్వే వెయ్యాలి.

ప్రేమతో
మీ అత్త