చెంబు మూతి దగ్గర తొందరపడకు

అమ్మడూ,

నువ్వు ఇంజనీరింగ్ వద్దని, బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) ప్రవేశ పరీక్ష రాస్తానని పట్టుబట్టావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ముందు సంతోషం వేసింది, ఆ వెనకే భయం పట్టుకుంది. రేపు ఎలా బతుకుతావన్న భయం కాదులే, ఆ మాట మీ నాన్నతో నేను మాట్లాడతాను. నాలుగు వారాల్లో స్టిల్ లైఫ్, అంటే ఎదురుగా పెట్టిన వస్తువులను గీయడం, నేర్పేస్తామనే చోట చేరి, చూడకుండా గీయడం అలవాటు చేసుకుంటావేమోనని నా భయం. ఎడమవైపు వెలుగు, కుడివైపు నలుపు, కింద అండాకారంలో నీడ అని బట్టీ పట్టిస్తారు. ఇక ఎదురుగా ఇత్తడి బిందె పెట్టినా, ప్లాస్టిక్ మగ్గు పెట్టినా చెయ్యి అదే కుండను వేస్తుంది. అలా గట్టిపడిన చేతిని దారికి తేవడం, ఏమీ రాని చేతికి నేర్పడం కన్నా కష్టం.

హైదరాబాదు జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు.కి (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) రాస్తావో, కడపలోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికి రాస్తావో, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రాస్తావో ముందే తేల్చుకో. ఏ పేపర్లు ఉంటాయో, ఎంతసేపు ఇస్తారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడు. ఎవరో చెప్పారని నమ్మకు.

సామాన్లకు ఎక్కువ ఖర్చు పెట్టించకు మీ నాన్న చేత. హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు చాలు, బి ముందు అంకె పెరిగేకొద్దీ మెత్తగా, నల్లగా పడతాయి. షార్పనర్ పక్కనపెట్టి బ్లేడుతో చెక్కు, ములికి ఒక సెంటీమీటరు బయటికి ఉంటే పక్కకు వాల్చి వెడల్పుగా రుద్దుకోవచ్చు. కార్ట్రిడ్జ్ (మందపాటి డ్రాయింగు కాగితం) ఫుల్ షీటు 22×30 అంగుళాలు ఉంటుంది, నాలుగు ముక్కలు చేస్తే 11×15 వస్తుంది, సాధనకు అది సరిపోతుంది. షీటు కింద ఇంకో రెండు కాగితాలు వెయ్యి, లేకపోతే బోర్డు గరుకంతా షేడింగ్‌లో తేలుతుంది. మామూలు రబ్బరుతో పాటు పిండిముద్దలా పిసకగలిగే మెత్తటి పుట్టీ రబ్బరు ఒకటి కొను. బోర్డును మాత్రం ఒళ్లో పడుకోబెట్టకు. ఏటవాలుగా చూస్తూ గీస్తే, లేపి నిలబెట్టాక బొమ్మ నిలువునా సాగిపోయి కనిపిస్తుంది. కుర్చీ ముందు ఇంకో కుర్చీ వేసి దాని వీపుకి ఆనించు.

వస్తువులు మూడు చాలు. మొదటి నెల మట్టి ముంత, ఒక జామకాయ, మడిచిన తువ్వాలు. స్టీలు, ఇత్తడి తరవాత. వాటిలో గది అంతా ప్రతిఫలిస్తుంది, ఆకారం పట్టుబడకముందే ఆ మెరుపుల వెంట పడతావు. రోజుకో కొత్త వస్తువు కావాలని అమ్మను వేధించకు. ఇటలీలో బొలోన్యా ఊళ్లో జార్జో మొరాండి (1890–1964) అనే చిత్రకారుడు అవే సీసాలు, అవే గిన్నెలు, అవే డబ్బాలు కొంచెం కొంచెం జరుపుకుంటూ దశాబ్దాల పాటు గీశాడు. ఎత్తైనదాన్ని వెనక, మధ్య నుంచి కాస్త పక్కకి పెట్టు. ఒకదాని అంచు ఇంకోదాని అంచును తాకీ తాకనట్టు ఉండకూడదు. అలా ఉంటే రెండూ అతుక్కున్నట్టు కనిపిస్తాయి, ఏది ముందో ఏది వెనకో తెలీదు. కొంత కప్పాలి, లేదా మధ్య చోటు వదలాలి.

వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి. ట్యూబులైటు ఆపెయ్యి. ఉత్తరపు కిటికీ దొరికితే అంతకన్నా ఏం కావాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ పడదు కాబట్టి నీడలు గంటగంటకీ జరగవు. రాత్రి అయితే బల్బు ఎడమ పక్కన, కొంచెం పైన. కానీ నీ కాగితం మీద కూడా చాలినంత వెలుగు ఉండాలి సుమా! ఇప్పటికే కళ్లజోడు పెట్టుకున్నావు, చీకట్లో కూర్చుని కళ్లను అలసటపెడితే ఊరుకోను. గంటకోసారి లేచి నడువు, నడుము పట్టేస్తుంది.

వస్తువులన్నీ కలిపి ఎంత వెడల్పు ఉన్నాయో దానికి కనీసం మూడింతల దూరంలో కూర్చో. మరీ దగ్గరైతే తల కదిపినప్పుడల్లా ఆకారాలు మారతాయి. కుర్చీ కాళ్ల చుట్టూ, ముంత అడుగు చుట్టూ సుద్దముక్కతో గుర్తులు పెట్టు. కొలిచేటప్పుడు ఒక కన్ను మూసి, చెయ్యి పూర్తిగా చాపి, పెన్సిల్ మీద బొటనవేలితో గుర్తు పట్టు. మోచెయ్యి రవ్వంత వంగినా కొలత మారిపోతుంది. జామకాయ ఎత్తును ఒక కొలతగా తీసుకుని, ముంత దానికి ఎన్నింతలో, మొత్తం అమరిక వెడల్పు ఎన్నింతలో చూసి, ఆ లెక్క ప్రకారం కాగితం మీద హద్దులు వేసుకో. వస్తువుల మధ్య ఉన్న ఖాళీల ఆకారాలు కూడా గీసి చూడు. ఖాళీ తప్పిందంటే వస్తువు తప్పినట్టే.

ఇప్పుడు నీ పాత తప్పు దగ్గరికి వస్తాను. ఎనిమిదో తరగతి నుంచి నువ్వు పంపిన బొమ్మలన్నిట్లో చెంబు మూతి పూర్తిగా తెరుచుకుని, రెండు చివర్లా కన్ను కొసల్లా కోసుగా ఉంటుంది. అడుగు మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా ఉంటుంది. మూతి గుండ్రమని నీకు తెలుసు, కాబట్టి గుండ్రంగా తెరిచావు. చెంబు బల్ల మీద సమంగా కూర్చుంటుందని తెలుసు, కాబట్టి గీత గీశావు. పైనుంచి చూసిన మూతి, ఎదురుగా చూసిన అడుగు ఒకే బొమ్మలో చేరాయి. అందుకే నీ చెంబు ఎంత షేడింగ్ చేసినా బల్ల మీద కూర్చోదు.

గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి కంటి ఎత్తున పట్టుకో. అంచు ఒక గీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించు, ఆ గీత తెరుచుకుంటూ వస్తుంది. ఇప్పుడు అంచు, నీళ్ల మట్టం, అడుగు మూడూ ఒకేసారి చూడు. కంటికి ఎంత కిందుగా ఉంటే అంత ఎక్కువ తెరుచుకుని ఉంటాయి. అంటే అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ ఉండాలి. నువ్వు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు.

గీసే పద్ధతి చెబుతాను. ముందు చెంబు మధ్యగా నిలువు గీత. మూతి దగ్గర, మెడ దగ్గర, పొట్ట దగ్గర, అడుగు దగ్గర దానికి లంబంగా అడ్డగీతలు. ఒక్కో అడ్డగీత మీద మధ్య నుంచి రెండు వైపులా సమాన దూరంలో చుక్కలు పెట్టు. మూతి పైకీ కిందికీ ఎంత తెరుచుకుందో పెన్సిల్‌తో కొలిచి, ఆ రెండు చుక్కలూ పెట్టు. ఇంటర్ లెక్కల్లో దీర్ఘవృత్తం చదివావుగా, ఇది అదే. దానికి ఎక్కడా మూల ఉండదు. ఎంత సన్నటిదైనా చివర్లో చిన్న గుండ్రపు మలుపు ఉంటుంది. భుజం నుంచి చెయ్యి ఆడిస్తూ, తేలిగ్గా, ఒకటికి రెండుసార్లు పూర్తిగా తిప్పు. అడుగు వెనక సగం కనపడకపోయినా గీయి, తరవాత చెరుపుకోవచ్చు. సగమే గీస్తే ఆ సగం ఎప్పుడూ తప్పుతుంది. చెంబు పక్కకి ఒరిగి ఉంటే మధ్యగీత కూడా ఒరుగుతుంది, అడ్డగీతలు మాత్రం దానికి లంబంగానే ఉండాలి. అంచుకు మందం ఉంటే లోపల ఇంకో దీర్ఘవృత్తం వస్తుంది, రెంటి మధ్య ఖాళీ పక్కల ఎక్కువ, ముందూ వెనకా తక్కువ. అయ్యాక బొమ్మను అద్దంలో చూడు. వంకర ఉంటే వెంటనే పట్టుబడుతుంది.

ఇదంతా కోపంతో రాయలేదు తల్లీ. చిన్నప్పుడు వరండాలో సుద్దముక్కతో కోడిపిల్లను గీస్తూ, అది పారిపోతే వెంటపడి చూసొచ్చి మళ్లీ గీసేదానివి. ఆ చూపు నీలో ఉందనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

షేడింగ్‌కి ముందు కళ్లు సగం మూసి చూడు. చిన్న చిన్న వివరాలు పోయి, వెలుగూ నీడా రెండు ముక్కలుగా విడిపోతాయి. అన్నిటికన్నా తెల్లనిది ఎక్కడో, నల్లనిది ఎక్కడో తేల్చుకుని, నీడ ముక్కనంతా 2బితో ఒకేలా కప్పు. నలుపు ఒక్కసారిగా అదమకు. గట్టిగా నొక్కిన 6బి నల్లబడదు, మెరుస్తుంది. పొర మీద పొర వెయ్యి. ముంత నీడ వైపు అంచున బల్ల నుంచి ఎగసిన పలచటి వెలుగు కనిపిస్తుంది. దాన్ని చూసి మురిసిపోయి మరీ తెల్లగా వదిలేస్తారు అందరూ. అది నీడలోని వెలుగు, వెలుగు వైపు ఉన్న ఏ చోటు కన్నా మసకగానే ఉండాలి. బల్ల మీద పడే నీడ వస్తువు అడుగున చిక్కగా, అంచు పదునుగా మొదలై, దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. వస్తువుల చుట్టూ నల్లటి గీత తిప్పకు, పక్కనున్న ఛాయే అంచును చూపిస్తుంది. వేలితో పులమొద్దు. వేలి జిడ్డు తగిలిన చోట కాగితం మరక పడి, రబ్బరుకు కూడా లొంగదు. అరచేతి కింద ఒక కాగితం పెట్టుకో.

ఇత్తడికి వచ్చేసరికి ఈ మెత్తటి మార్పులు పనికిరావు. అక్కడ కటిక నలుపు పక్కనే తెలుపు ఉంటుంది. వాటి ఆకారాలను ఖాళీల్లాగే గీసుకుని నింపు.

ఫోన్‌లో ఫొటో తీసి దాన్ని చూసి గీయొద్దు, నా మీద ఒట్టు. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముందున్నది ఉబ్బుతుంది, నీడలన్నీ ఒకే నల్లటి ముద్దవుతాయి, నీ కన్ను చెయ్యాల్సిన పని అది చేసేస్తుంది.

మూడు గంటల పరీక్ష అనుకుని సాధన చెయ్యి. పది నిమిషాలు అగ్గిపెట్టెంత నమూనాలు మూడు, యాభై నిమిషాలు గీతలు, మిగతాది షేడింగ్. చివరి పావుగంట దూరంగా జరిగి చూసి దిద్దుకోవడానికి ఉంచుకో. గీతల దగ్గర టైము మిగుల్చుకుందామని చూడకు.

వచ్చే ఆదివారానికి ఆ చెంబునే మూడు ఎత్తుల్లో గీసి పంపు: నేల మీద, పీట మీద, నీ కంటి ఎత్తున అలమరలో. షేడింగ్ వద్దు. చెరిపిన గీతలు అలాగే ఉంచు, నేను చూడాల్సింది అవే. రేపు సాయంత్రం ఫోన్ చేస్తాను, మీ నాన్నకు ఇవ్వు, మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దత్త