చేనేత మీద వ్యాసాలు ఎక్కడ వెతకాలంటే

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ దీవెనలు.

పోచంపల్లి నేతపనివాళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నావంటే ఎంత సంతోషమేసిందో! గూగుల్ స్కాలర్‌లో వేలకొద్దీ రిజల్ట్స్ వచ్చి టెన్షన్ పడుతున్నానన్నావు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరినట్టే అది. మంచివి దొరుకుతాయి, కానీ ఏరుకోవడానికి ఓపిక కావాలి.

ముందు నీ ప్రశ్న ఏ శాస్త్రానిదో తేల్చుకో. కూలి, సహకార సంఘాల అప్పులు అయితే ఆర్థికశాస్త్ర వ్యాసాల డేటాబేస్ ఎకాన్‌లిట్ చూడు. నిజాం కాలపు నేత చరిత్ర అయితే జర్నళ్ల ఆన్‌లైన్ భాండాగారం జేస్టోర్. అందులో పాత సంచికలు బాగా దొరుకుతాయి, ఈమధ్యవి చాలా జర్నళ్లకు ఉండవు.

మగ్గం గుంటలో గంటల తరబడి కూర్చుంటే వచ్చే నడుం నొప్పి గురించైతే వైద్య వ్యాసాల డేటాబేస్ పబ్‌మెడ్‌కి వెళ్లు. ఎవరైనా ఉచితంగా వాడొచ్చు. ఒకరు 'వీవర్స్' అని రాస్తే ఇంకొకరు 'లూమ్ వర్కర్స్' అంటారు. ఒక్క మాటతో వెతికితే సగం వ్యాసాలు తప్పిపోతాయి. అందుకని పనికొచ్చే వ్యాసం ఒకటి దొరకగానే దాని కింద ఉన్న మెష్ పదాలు చూడు. అంటే ఎవరు ఏ మాట వాడినా ఒక విషయానికి పబ్‌మెడ్ పెట్టే ఒకే పేరు. 'ఆక్యుపేషనల్ డిసీజెస్' లాంటివి ఉంటాయి. వాటితో మళ్లీ వెతుకు. తర్వాత స్కోపస్‌లో ఆ వ్యాసాన్ని ఎవరెవరు ఉదహరించారో చూస్తే కొత్త పరిశోధన బయటపడుతుంది. స్కోపస్ సూచీ మాత్రమే, పూర్తి వ్యాసం అందులో ఉండదు. కనిపించలేదని కంగారు పడకు.

శోధ్‌గంగను మాత్రం వదలొద్దు. మన యూనివర్సిటీల థీసిస్‌లు, తెలుగులో రాసినవి కూడా, అక్కడ ఉచితంగా దొరుకుతాయి. మనవాళ్లు ఊళ్లు తిరిగి సేకరించిన సమాచారం విదేశీ డేటాబేసుల్లో లేదని పక్కన పెట్టేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఏ వ్యాసానికీ డబ్బు కట్టకు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మీ యూనివర్సిటీకి ఏవేవి వస్తాయో, హాస్టల్ నుంచి లాగిన్ ఎలాగో లైబ్రరీలో అడుగు. వెళ్లేటప్పుడు నీ ప్రశ్నను ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకుని వెళ్లు. "చేనేత గురించి కావాలండీ" అంటే వాళ్లు మాత్రం ఏం చూపిస్తారు? ఆ వాక్యం నాకూ వాట్సాప్ చెయ్యి, చూస్తాను.

మీ పెద్దమ్మ