ఆఫీసులో బేస్‌బాల్ ఓటు: వెయ్యాలా, మానాలా?

తమ్ముడూ, అమెరికాలో సెయింట్ లూయిస్ వచ్చి మూడు నెలలైందన్నావు. ఇక్కడి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్‌లో తమకు నచ్చిన పాత ఆటగాళ్లకు ఆఫీసువాళ్లు ఓట్లేసుకుంటున్నారని, నీకూ చీటీ ఇచ్చారని, ఆట తెలియదు కాబట్టి ఎలా తప్పించుకోవాలో చెప్పమని అడిగావు. తప్పించుకోకు. నేను అలాగే తప్పించుకుని రెండేళ్లు మాట్లాడే మనిషి లేక అల్లాడాను.

2011లో దీపావళి అక్టోబరు 26న వచ్చింది. అపార్ట్‌మెంట్‌లో ఒక్కడినే దీపం పెట్టుకుని, అమ్మతో ఫోన్లో మాట్లాడి పడుకున్నాను. ఆ రోజు ఇక్కడ జరగాల్సిన కార్డినల్స్ మ్యాచ్, అంటే బేస్‌బాల్ ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్‌లో ఆరోది, వాన భయంతో మర్నాటికి వాయిదా పడింది. కలిసి చూద్దాం రమ్మని పక్క సీటాయన పిలిస్తే పనుందన్నాను. ఏ పనీ లేదు. పెరుగన్నం తింటూ ఇంట్లో కూర్చున్నాను. అర్ధరాత్రి కావస్తుండగా ఊరు ఊరంతా హోరెత్తింది. కార్ల హారన్లు ఆగలేదు. నేను లేచి కిటికీ మూసేశాను. ఇంకొక్క స్ట్రైక్ పడితే ఓటమి అన్న చోట డేవిడ్ ఫ్రీస్ కొట్టిన దెబ్బకు స్కోరు సమమైందని, పదకొండో ఇన్నింగ్స్‌లో అతనే హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి గెలిపించాడని తెల్లారాక తెలిసింది. ఆఫీసులో అందరూ అదే మాట్లాడుతుంటే నేను కంప్యూటర్‌లోకి తల దూర్చాను.

ఆ చలికాలమే మా ఆఫీసులోనూ ఇలాంటి ఓటు చీటీలకు లంచ్ టేబుల్ మీద ఖాళీ కాఫీ డబ్బా పెట్టారు. నేను నెట్‌లో లెక్కలు చూసి కార్డినల్స్ పాత మేటి ఆటగాళ్లు స్టాన్ మ్యూజియల్, బాబ్ గిబ్సన్, ఆజీ స్మిత్ అని రాసిచ్చాను. మ్యూజియల్ 3,630 హిట్లు కొట్టాడు, సొంత మైదానంలో 1,815, బయట సరిగ్గా అన్నే. ఇంకెవరు కావాలి అనుకున్నాను. చీటీలు విప్పుతున్న పెద్దాయన నాది మడిచి పక్కన పెట్టాడు. వాళ్ల ఓటు కూపర్స్‌టౌన్‌లో, అంటే ఆ ఊళ్లో ఉన్న బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో, చోటు దక్కనివాళ్లకట! నేను రాసిన ముగ్గురూ అక్కడ ఉన్నవాళ్లే. అక్కడికి వెళ్లాలంటే మామూలుగా బేస్‌బాల్ గురించి రాసే విలేకరుల ఓట్లలో 75 శాతం రావాలి. కార్డినల్స్ క్లబ్బు సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2014 నుంచి జరుగుతున్న అభిమానుల ఓటు మళ్లీ వేరు. ఆ రూల్సన్నీ నెట్‌లో ఉంటాయి, చూసుకో.

"నువ్వు చూసినవాళ్లలో నీకు ఇష్టమైనవాడెవరు?" అని అడిగాడాయన. నా దగ్గర ఒక్క పేరూ లేదు.

రెండేళ్ల తర్వాత ధైర్యం చేసి ఆయనతో స్టేడియానికి వెళ్లాను. కార్డినల్స్ పాత ఆటగాడు విల్లీ మెక్‌గీ గురించి చెబుతూనే ఉన్నాడు: 1985లో లీగ్‌లోకెల్లా మేటి ఆటగాడని అవార్డిచ్చారు, అయినా కూపర్స్‌టౌన్‌లో లేడు. నేను లక్ష్మణ్ గురించి చెప్పాను. ఈడెన్‌లో ఆ 281 కొట్టినవాడు ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే రిటైరయ్యాడన్నాను. "అయితే మీ మెక్‌గీ అన్నమాట" అన్నాడు. ఈ దేశంలో నాకు మొదటి స్నేహితుడు ఆయనే. ఇల్లు కొన్నా, పిల్లలు పుట్టినా ముందు ఫోన్ చేసింది ఆయనకే.

శని, ఆదివారాలకు మనవాళ్లున్నారు కదా అనుకుంటావు. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. మిగతా ఐదు రోజులు ఎవరితో మాట్లాడతావు?

ఫ్రీస్ రిటైరయ్యాక నా చీటీలో అతని పేరు రాసి, కిటికీ మూసిన సంగతి అందరికీ చెప్పాను. 2023లో క్లబ్బు హాల్ ఆఫ్ ఫేమ్‌కి అభిమానులు ఎన్నుకుంటే, తనకు తగదని అతనే వద్దన్నాడు. మా టేబుల్ దగ్గరి జాబితాలో మాత్రం అతని పేరు ఉంది.

నువ్వు ఆ చీటీ ఇంట్లో కూర్చుని నింపకు. ఖాళీగానే తీసుకెళ్లి, మీ ఆఫీసులో అందరికంటే పెద్దాయన పక్కన కూర్చుని, ఎవరి పేరు రాయమంటారో, ఎందుకో అడుగు.